కార్డుల్లో వస్తే వింటారు

"చావు కార్డు లేని పేక కూడా ఉందండీ. ఆ ఒక్కటీ తీసేసి అమ్ముతున్నారు. ఇప్పుడు గిరాకీ అంతా దానికే," అన్నాడు కొట్టాయన.

"కార్డు తీసేస్తే చావు రాదా?"

"చావొస్తుందండీ. కార్డు రాదు."

ఆవిడకి నవ్వు రాలేదు. పని మధ్యలో వచ్చింది. అక్కడ జనం కుర్చీల్లో కూర్చుని తన కోసం ఎదురు చూస్తూ ఉంటారు. ఇక్కడ చూస్తే రంగురాళ్ళూ, గాజు గోళాలూ, గోడ నిండా జోస్యం చెప్పే టారో కార్డుల పెట్టెలు. ఏది తియ్యాలో తెలిసి చావదు.

"కొత్తా మీరు?" అన్నాడాయన, పసిపిల్లకి పలక అందిస్తున్నంత దయగా.

"కార్డులు కొత్త. జనానికి చెప్పడం ఇరవై ఏళ్ళుగా ఉన్నదే."

"కార్డుల్లేకుండా ఎలా చెబుతున్నారండీ?"

"యంత్రాలున్నాయిగా."

కొట్టాయన పెదవి విరిచాడు. "యంత్రాల కాలం పోయిందండీ. గీతలు గీసి చేతిలో పెడితే ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారు?"

"అదే నా ఏడుపు. గీతలు చూపించి చూపించి నోరు పడిపోతోంది. అన్నిటికీ తలూపుతారు. గుమ్మం దాటగానే ఇంకొకరి దగ్గరికి పరిగెడతారు."

"చెయ్యి కూడా చూస్తారా?"

"మొదట పట్టుకునేది చెయ్యే."

"మరింకేం! సగం విద్య వచ్చేసినట్టే," అని భుజం తట్టినంత పని చేశాడు.

ఆవిడ పళ్ళు బిగబట్టింది. ఇన్నేళ్ళ చదువు, ఇన్నేళ్ళ చెయ్యి తిరిగిన పనితనం. చివరికి ఈ కొట్టులో ఓనమాలు. ఇదంతా ఆ ప్రిన్సిపాలు గారి పుణ్యం. ఆయన ఫిజిక్సులో డాక్టరేటు. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆలోచిస్తాను" అని లేచిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆయన భార్య వెనక్కి తిరిగొచ్చి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది.

"ఏమీ అనుకోకండమ్మా. ఆయనకి ఊరవతల ఒకావిడ మీదే గురి. కాలేజీకి బల్లలు కొనాలన్నా ఆవిడ కార్డు తియ్యాల్సిందే. మీరు చెబితే వినరు. కార్డుల్లో వస్తే వింటారు. నా కోసం ఏదో ఒకటి చెయ్యండి." ఆ మాట విన్నాకే ఆవిడ ఇలా బజారున పడింది.

"మొదటి పేక ఎవరికి వాళ్ళు కొనుక్కోకూడదంటారే, ఎవరో ఒకరు బహుమతిగా ఇవ్వాలట?" అనడిగింది.

"గిట్టనివాళ్ళు పుట్టించిన మాటండీ అది. అదే నిజమైతే నేను కొట్టు కట్టేసుకోవాలి. కళ్ళు మూసుకుని చెయ్యి చాపండి. మీ పేక మిమ్మల్ని పిలుస్తుంది."

"నాకు పిలుపులొద్దు. గుండె బొమ్మ ఏ పేకలో బాగా కనబడుతుందో అది చాలు."

"ప్రేమ వ్యవహారాలా?"

"నా దగ్గరికొచ్చే వాళ్ళందరికీ అక్కడే తంటా."

ఆయన కళ్ళు మెరిశాయి. పెట్టెలన్నీ బల్ల మీదికి దిగాయి. పిల్లుల పేకలో గుండెకి బదులు చేప ఉంది. దేవదూతల పేకలో గుండె చుట్టూ పూలే పూలు, అసలు సరుకు కనపడదు. ఆఖరికి ఓ సాదా పేకలో దొరికింది. మబ్బులు, వాన, నడుమ ఎర్రటి గుండె, దానిలోకి దిగిన మూడు కత్తులు.

"అది మంచి కార్డు కాదండీ. మొదట్లోనే అలాంటిది చూపిస్తే గిరాకీ పారిపోతుంది."

"నా వాళ్ళు అది చూడకే పారిపోతున్నారు. కట్టండి."

ఆదివారమంతా భోజనాల బల్ల మీద పేక కలుపుతూ కూర్చుంది. కావలసిన కార్డు కావలసిన చోటికి రప్పించడం తొందరగానే పట్టుబడింది. వేళ్ళ పని ఆవిడకి కొత్త కాదు.

సోమవారం ప్రిన్సిపాలు గారు భార్యతో వచ్చాడు.

"నేను సైన్సువాణ్ణండీ. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోను," అంటూనే కూర్చున్నాడు. బల్ల మీద పేక కనబడగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఎడమ చేత్తో తియ్యనా?"

"మీ ఇష్టం."

"ఇష్టమేమిటండీ! దేనికైనా పద్ధతుంటుంది," అని మందలించి, ఎడమ చేత్తో తీశాడు.

ఎర్రటి గుండె. మూడు కత్తులు. ఆయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మూడు అడ్డంకులున్నాయి," అంది ఆవిడ. "వాటంతటవి పోవు. నాన్చేకొద్దీ బిగుసుకుంటాయి. తెరిచి సరిచేస్తే తప్ప దారి లేదు." పోయినసారి చెప్పిందీ ఇదే.

ప్రిన్సిపాలు గారు కార్డుని చేతిలోకి తీసుకున్నాడు. "ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదండీ. పోయినసారి మీరేవో అంకెలు చదివి కంగారు పెట్టారు. ఎప్పుడు తెరవాలంటున్నాయి కార్డులు?"

ఇంకో కార్డు తిప్పింది. సూర్యుడు.

"గురువారం పొద్దున్నే. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు."

"ఉపవాసమా? నిష్ఠగా ఉంటాను. కార్డులే చెప్పాక ఇంక మాటేముంది!" అని లేచి, రెండు చేతులూ జోడించి వెళ్ళాడు. వెనకే వెళ్తూ ఆయన భార్య గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్ళు తుడుచుకుంది.

తలుపు మూసుకోగానే ఆవిడ పేకని స్టెతస్కోపు పక్కన పడేసి, నర్సుని పిలిచి, "గురువారం పొద్దుటికి థియేటరు సిద్ధం చెయ్యమ్మా, మూడు బ్లాకులాయన బైపాసుకి ఒప్పుకున్నాడు," అంది.