అంతకు ముందు పాఠం

కిటికీ బయట ఎవరో నిలబడి ఉన్నారు.

బోర్డు మీద వర్గ సమీకరణం రాస్తున్న లెక్కల సారు అనిల్‌కుమార్ చెయ్యి ఆగిపోయింది.

ఇస్త్రీ చొక్కా, నెరిసిన జుట్టు. మెడలో నీలం తాడు, దాని కార్డు జేబులో దాగి ఉంది. ఆ మనిషి కన్నార్పకుండా బోర్డు వైపే చూస్తున్నాడు.

తనిఖీ ఆఫీసరే అనుకున్నాడు అనిల్. బూర్గంపాడు చుట్టుపక్కల బడులకు తనిఖీకి వస్తున్నారని టీచర్ల గ్రూపులో ఒకటే మెసేజీలు. హెడ్‌మాస్టర్ రాజ్యశ్రీ మేడమ్ చూస్తే ట్రైనింగ్‌కని ఖమ్మం వెళ్లారు. పదో తరగతి సిలబస్ సగం కూడా కాలేదు.

గబగబా గుమ్మం దగ్గరికి వెళ్లాడు. "రండి సార్, లోపలికి రండి."

ఆయన తడబడ్డాడు. "పర్వాలేదు సార్. నేనీడనే ఉంట."

"అయ్యో, గట్లెట్ల సార్! కూసోండి."

ఆయన చివరి బెంచీలో ఒదిగి కూర్చున్నాడు.

అనిల్ జోరు పెంచాడు. సూత్రం రాశాడు, విలువలు వేశాడు, మూలాలు తేల్చాడు, తుడిచేశాడు. ముందు బెంచీలో నలుగురు తలలూపారు. అనిల్‌కు ఎప్పుడూ ఆ నలుగురు ఊపితే చాలు.

వెనక నుంచి చెయ్యి లేచింది. పిల్లలది కాదు.

"సార్, ఈ లెక్క సమజ్ కావాల్నంటే దానికి ముందు ఏం వచ్చి ఉండాలె?"

 తనను పరీక్షిస్తున్నాడు అనుకున్నాడు అనిల్.

"కారణాంకాలు సార్. తొమ్మిదిల అయిపోయినయ్."

"ఒక్కపారి చెప్తరా?"

చెప్పక తప్పలేదు.

ఆయన తెల్లారి మళ్లీ వచ్చాడు. కారణాంకాలు వింటూ వింటూ మళ్లీ అదే అడిగాడు. "దానికి ముందు ఏంది సార్?"

"గుణకారాలు సార్. ఎనిమిదోది."

"దానికి ముందు?"

అలా వారం తిరిగేసరికి పదో తరగతి వెనక్కి నడిచి నడిచి ఏడో తరగతి లెక్కల దగ్గర ఆగింది.

అనిల్‌కు అన్నం సహించడం లేదు. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? ఈయన పైకి ఏం రాసి పంపుతాడు? పేరు అడుగుదామంటే భయం. కార్డు చూపించమంటే ఏమంటాడో!

ఒకరోజు ఆయన లేచి, "రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ ఎందుకైతది సార్?" అన్నాడు.

"మధ్యాహ్నం చెప్త సార్," అన్నాడు అనిల్. తను చదువుకున్నప్పుడు అదంతే అన్నారు. తనూ పిల్లలకు అదంతే అన్నాడు.

మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరవకుండా వరండాలో తిరిగాడు. తిరిగి తిరిగి క్లాసులోకి వచ్చాడు.

"గోదారి రోజుకు రెండడుగులు దిగుతంది అనుకోండి. మూడు రోజుల కింద ఇప్పటికంటే ఎంత ఎత్తుల ఉండె?"

"ఆరడుగులు ఎక్కువ సార్!" ఎప్పుడూ నోరు విప్పని మూలబెంచీ నుంచి కేక.

"దిగుడు ఒక మైనస్. వెనక్కి లెక్కపెట్టుడు ఇంకో మైనస్. మరి వచ్చిందేంది?"

"ప్లస్!" గదంతా అరిచింది.

చివరి బెంచీలో ఆయన కూడా చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మర్నాడు రాజ్యశ్రీ మేడమ్ తిరిగి వచ్చి, సంగతి విని నేరుగా క్లాసుకే వచ్చారు.

"తనిఖీనా? నాకేం ఆర్డర్ రాలేదే. ఏదండీ, మీ కార్డు చూపించండి."

ఆయన జేబులోంచి తీశాడు. సారపాక కాగితం మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు కూలీకి ఇచ్చే గేటు పాసు.

పిల్లలు ఘొల్లున నవ్వారు. అనిల్ ముఖం కందగడ్డ అయింది.

"ఆఫీసర్‌నని చెప్పి క్లాసుల కూసుంటవా?"

"నేనట్ల చెప్పలే సార్. మీరే కూసోమన్నరు."

"మరెందుకొచ్చినవ్?"

"లెక్కలు నేర్సుకుందామని."

"ఈ వయసులనా? ఏం పరాచికాలా? జల్దీ నడువ్. మల్ల ఈ గేటు కాడ కనబడితే బాగుండదు."

ఆయన ఏదో చెప్పబోయాడు. పిల్లల వైపు ఒకసారి చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

అనిల్ హమ్మయ్య అనుకున్నాడు. మళ్లీ జోరు అందుకున్నాడు. పాఠం వెంట పాఠం పరుగెత్తింది. ముందు నలుగురు తలలూపారు. మూలబెంచీ మళ్లీ మూగబోయింది.

అయినా మనసు కుదురుగా లేదు. బోర్డు వైపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి ఎవరో అడుగుతారేమోనని చెవి అటే పోయేది. ఎవరూ అడగలేదు.

అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు దిద్దడానికి కూర్చున్నాడు. ఎప్పుడూ తెల్లగా వచ్చే పేపర్లలో ఈసారి లెక్కలున్నాయి. ఆ మనిషి అడిగి చెప్పించుకున్నవాటితో అయ్యే లెక్కలన్నీ చేశారు. ఆయన పోయాక చెప్పినవేవీ ముట్టుకోలేదు.

అనిల్ పేపర్లు పక్కన పెట్టి లేచాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి క్లాసుకు వెళ్లాడు.

"ఆ రోజు వెళ్లగొట్టిన మనిషి ఎవరో ఎవరికన్నా ఎరుకేనా?"

అందరూ తలలు దించుకున్నారు. లిఖిత లేచింది.

"ఎరుకే సార్. మా ఊరాయనే."

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్పొద్దన్నడు సార్. చెప్తే మీరు రానియ్యరని."

"ఏడుంటడు? నేనే పోయి పిలుసుకొస్త."

"లేరు సార్. ఈడ పని అయిపోయిందని ఇల్లు ఖాళీ చేసి పోయిన్రు. యాడికో ఎవ్వరికీ ఎరుకలే."

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

లిఖిత చివరి బెంచీ వైపు చూసింది.

"ముత్యాలు వాళ్ల నాయిన సార్. తొమ్మిదిల 'నీకు లెక్కలు రావు, ఇంటికాడనే ఉండు' అని మీరన్నంక బడి మానేసింది సూడుండ్రి, ఆ ముత్యాలుకు ఇంటికాడ చెప్దామనే వచ్చి మీ దగ్గర నేర్సుకున్నడు."