రాలేదండీ

“ఏయ్, ఆ నోటు ఇలా ఇవ్వు!”

కృపాకుమారి కేకకి కోనేరు సెంటర్లో పోయేవాళ్ళంతా తిరిగి చూశారు.

కంటి జబ్బుల మీద పరిశోధన కోసం బందరు క్లబ్బు చందాలు వసూలు చేస్తున్న రోజది. ఈ ఏడు క్లబ్బు ప్రెసిడెంటు ఆవిడే. పొద్దుట్నుంచీ ఎండలో నిలబడి, తెలిసిన ముఖం కనబడితే చాలు, పేరు పెట్టి పిలిచి డబ్బా ముందుకు చాపుతోంది.

గంట నుంచీ ఒక ముసలతను క్లబ్బు టేబుల్ పక్కనే తచ్చాడుతున్నాడు. మాసిన లుంగీ, నల్ల కళ్ళద్దాలు. దారిన పోయేవాళ్ళని ఆపి ఏదో చెబుతున్నాడు.

ఇప్పుడొకామె అతని చేతిలో వంద నోటు పెట్టి వెళ్ళింది.

“డబ్బాలో వేద్దామనేనమ్మా తీసుకుంది,” అన్నాడతను.

“అవునవును. మా బ్యానరు పక్కన నిలబడి అడుక్కుంటే బాగా వస్తాయని కనిపెట్టావు.”

“అది కాదమ్మా, డాక్టరు గారు నన్ను...”

“డాక్టరుకి చూపించుకోవాలంటే పెద్దాసుపత్రికి వెళ్ళు. ఇక్కడేం చూడరు.”

పోయినేడు గుడివాడలో ఎవరో దొంగ రసీదులతో వసూలు చేసి పారిపోయారు. ఆ భయం ఆవిడకింకా పోలేదు.

“రాజబాబు గారూ, ఇంకెన్ని నోట్లు దాచాడో చూడండి.”

సెక్రటరీ రాజబాబు ముసలతని జేబులో చెయ్యి పెట్టాడు. కృత్తివెన్ను నుంచి వచ్చిన బస్సు టికెట్టు తప్ప ఏమీ లేదు.

ఆ లాగులాటలో కళ్ళద్దాలు జారి కింద పడ్డాయి. ఎడమ కన్ను ఉండాల్సిన చోట గుంట.

కృపాకుమారి ముఖం తిప్పేసుకుంది.

అతను వంగి, తడుముకుని, అద్దాలు తీసి పెట్టుకున్నాడు.

“తప్పయిపోయిందమ్మా. మీరు చేసేది మంచి పని. కానివ్వండి.”

బస్టాండు వైపు మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు.

జేబు వెతికించకుండా ఉండాల్సింది, అనిపించింది ఆవిడకి. వెనక్కి పిలుద్దామనుకుంది. ఇంతలో ఎదురుగా కారు ఆగింది. దిగినవాళ్ళు తెలిసినవాళ్ళే.

సాయంత్రం క్లబ్బు హాల్లో సభ. పరిశోధన చేస్తున్న డాక్టరు వచ్చాడు. చెక్కు అందుకుని హాలంతా కలయజూశాడు.

“నాగుల్ మీరా గారు ఏరి మేడమ్? పెద్దాయన, నల్లద్దాలు పెట్టుకుంటారు. పొద్దున మీ టేబుల్ దగ్గర నిలబడి జనానికి నాలుగు మాటలు చెప్పమని నేనే పంపాను. హడావిడిలో మీకు ఫోన్ చెయ్యడం మర్చిపోయాను.”

కృపాకుమారి పక్కన రాజబాబు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

“రాలేదండీ,” అంది.

అన్నాక ఆ డాక్టరు ముఖంలోకి చూడలేకపోయింది.

“అయ్యో, ఒంట్లో బాగోలేదేమో. మీ అందరికీ చూపిద్దామనుకున్నాను.”

“ఎవరండీ ఆయన?” ముందు వరసలోంచి ఎలీసబెతు టీచరు అడిగింది.

“కోతల్లో వరిగడ్డి గుచ్చుకుని చూపు పోగొట్టుకునే వాళ్ళ కోసం మేం చేసిన చుక్కల మందు, ముందు నా కంట్లో వేసి చూడండని వచ్చిన మొదటి మనిషి,” అన్నాడు డాక్టరు. “ఆయన కన్ను దక్కలేదండీ, అది చూసి మందు పాళ్ళు మార్చాం, ఆ తర్వాత వేయించుకున్న వాళ్ళలో ఒక్కరి కన్నూ పోలేదు.”