ప్లే కాని పాట

“ఏటి మావా, ఆడిందా?”

గంగ కొట్లోకి వస్తూనే అడిగింది. ఫల్గుణ కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపాడు. ఈ ఫైలు ప్లే కాదని తెర మీద మళ్లీ అదే మాట.

అరకు స్టేషన్ రోడ్డులో ఫల్గుణది చిన్న కొట్టు. జిరాక్సులు తీస్తాడు, ఫొటోలు ప్రింటు చేస్తాడు. బొర్రా గుహలు చూసొచ్చిన టూరిస్టుల వీడియోలు ఆడకపోతే అవీ బాగుచేసి ఇస్తాడు. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. గంగ ధీమా కూడా అదే.

ఈ ఫైలున్న కార్డుని పాడేరు నుంచి గంగ తమ్ముడు ఉదయ్ పంపాడు. ఇల్లు మారుతుంటే ఆ పాత కెమెరా కార్డు బయటపడిందట. ఎప్పటిదో చైత్రమాసపు ఇటుకల పండగ. దింసా నాట్యం ఆడే ఆడవాళ్లు, వాళ్ల ముందు డప్పు పట్టుకుని పాడుతున్న వాడు. వీడియో తీస్తుండగానే కెమెరా బ్యాటరీ అయిపోయింది. ఫైలు సరిగా సేవ్ కాలేదు. అప్పట్నుంచీ అది ఎందులోనూ ఆడలేదు.

గంగ ముందుగా మనసు పడింది వాడి గొంతు మీద. ఆ సంగతి ఫల్గుణకి పెళ్లికి ముందే తెలుసు. తెలిసే చేసుకున్నాడు. వాడిక పాడడని తేలిపోయాక ఇంట్లో ఆ పాటల ఊసు ఎవరూ ఎత్తలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఇన్నాళ్లకి మళ్లీ ఈ కార్డు వచ్చి పడింది.

“గుంటకి ఒక్కసారైనా ఇనిపించాల,” అంది గంగ. “అప్పటికది ఉయ్యాల్లో ఉంది. దానికేటి గుర్తుంటాది?”

ఫల్గుణ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. కూతురు సుమ బడి నుంచి రాగానే “నాయనా” అంటూ అతని ఒళ్లోకి ఎగబాకుతుంది. ఆ గొంతు విన్నాక కూడా అలాగే ఎక్కుతుందా?

పక్కన టీ కొట్టావిడ చిన్నమ్మలు గ్లాసులు పట్టుకుని వచ్చి ఆ మాట వింది.

“అది ఏటి గొంతే గంగా! పాటెత్తితే అడ్డాకులు కోసీవోలు కొండ దిగొచ్చీసీవోరు. అలాటి గొంతు ఈ కొండల్లో మళ్లీ పుట్టదు.”

అనేసి, ఫల్గుణ వైపు చూసి నాలిక్కరుచుకుంది. ఫల్గుణ టీ గ్లాసు పక్కకి జరిపేశాడు.

నిజానికి ఫైలుకి మందు అతనికి తెలియక కాదు. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో మరొకటి దొరికితే చాలు. దాన్ని నమూనాగా చూపిస్తే సాఫ్ట్‌వేర్ ఈ చెడిన ఫైలుని మళ్లీ కూరుస్తుంది. ఉదయ్ సరదాగా తీసిన మేకపిల్ల వీడియో ఆ కార్డులోనే ఉంది. ఫల్గుణ మొదటిరోజే మొదలుపెట్టాడు. బొమ్మ రాలేదు గానీ గొంతు వచ్చింది. సగం చరణం.

అప్పుడు గంగ పక్కనే ఉంది. ఆ సగం చరణానికే ఆమె మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో తనకోసం ఆ మొహం అలా వెలిగి ఎన్నాళ్లయింది? ఫల్గుణ అక్కడితో పని ఆపేశాడు. ఇంతకంటే రాదన్నట్టు చేతులు తిప్పేశాడు.

ఇవాళ ఒక నిశ్చయానికి వచ్చాడు. ఆ ఫైలు తీసిపారేస్తే పీడా పోతుంది. కార్డే పాడైందనుకుంటారు. గంగ ఇంటికెళ్లిపోయి ఉంటుందనుకుని, ఆ పని కానిద్దామని కరెంటాఫీసు నుంచి తొందరగా తిరిగొచ్చాడు.

వచ్చేసరికి గంగ అతని కుర్చీలో కూర్చుని ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు. కళ్లు మూసుకుని ఆ సగం చరణమే మళ్లీ మళ్లీ వింటోంది. ఫల్గుణ గుమ్మంలోనే ఆగిపోయాడు. చెయ్యి పట్టుకు లేపేద్దామన్నంత కోపం వచ్చింది.

గంగ హెడ్‌ఫోన్లు తీసి, తనే సన్నగా పాడుకోబోయింది. సగం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. అప్పుడు అతన్ని చూసింది.

“తర్వాత మాట ఏటి మావా? నోటికాడే ఉంది, రాట్లేదు. మర్సిపోతన్నాను. మొత్తం మర్సిపోతన్నాను.”

ఆమె కళ్లలో నీళ్లు.

తర్వాత మాట ఫల్గుణకి తెలుసు. నోరు తెరిచాడు. చెప్పలేకపోయాడు.

గంగ లేచింది. అతను కుర్చీలో కూర్చున్నాడు. మేకపిల్ల వీడియో తెరిచాడు. ఆపేసిన పని మళ్లీ మొదలుపెట్టాడు. కొంచెం కొంచెంగా గొంతు పెరిగింది. తర్వాత రంగులు కదిలాయి. తర్వాత మనుషులు వచ్చారు.

సుమ బడి నుంచి వచ్చేసరికి వీడియో ఆడుతోంది. చిన్నమ్మలు పొయ్యి వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. తెర మీద తలపాగా, ఒత్తుగా మీసాలు, నిండు బుగ్గలు. డప్పు మీద దెబ్బ వేసి వాడు పాటెత్తాడు. గంగ మరిచిపోయిన మాట దగ్గరికి రాగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫల్గుణ తెరవైపు చూడలేదు. కూతురి మొహమే చూస్తున్నాడు. సుమ నోరు తెరిచి వింటోంది.

“ఎవరే అమ్మా ఆడు?”

“మీ నాయనే,” అంది గంగ.

సుమ తెరవైపు ఒకసారి, ఫల్గుణవైపు ఒకసారి చూసి, గబగబా అతని ఒళ్లోకి ఎక్కి, కేన్సర్ ఆపరేషన్‌లో డాక్టర్లు స్వరపేటిక తీసేసిన చోట చెయ్యి ఆనించి, “ఇక్కడేనా నాయనా, అంత పాటా ఉండేది?” అంది.