చాక్లెట్ పరీక్ష

బావ మెడలో పసుపు టై. బావమరిది మెడలో ఎర్ర టై. పొద్దున్నే రెండూ ముడివేసి పంపింది ఒక్క మనిషే. ఒకరికి పెళ్ళాం, ఇంకొకరికి అక్క.

ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వస్తారు. ఒకే క్యారేజీ పంచుకుంటారు. కంప్యూటర్ల షోరూంలో అడుగుపెట్టాక మాత్రం ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. బావ అమ్మేవి మెరుపు ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు. బావమరిది అమ్మేవి పిడుగు ప్రాసెసర్ ఉన్నవి. ఆ రెండు చిప్పుల కంపెనీలకూ తాతల నాటి పగ. ఆ పగ టైలతో పాటు వీళ్ళిద్దరి మెడకూ చుట్టుకుంది.

ఆ రోజు షాపు తెరుస్తూనే మేనేజరు బాంబు పేల్చాడు.

"ఇక ఈ అంతస్తులో ఒక్కరే ఉంటారు. ఇప్పటిదాకా మీ ఇద్దరి అమ్మకాలూ సమానం. ఇవాళ ముందు ఎవరు అమ్మితే వాళ్ళు ఇక్కడే. రెండోవాళ్ళు కిందికి, వాషింగ్ మెషీన్ల దగ్గరికి."

నేలమాళిగలో ఆ మెషీన్లు జరిపి జరిపే ఇదివరకు బావ నడుం పడిపోయింది. ఇప్పటికీ వంగితే లేపడానికి ఇంకో మనిషి కావాలి. మళ్ళీ అక్కడికి పంపడం కంటే ఆ మెషీన్లోనే వేసి తిప్పేయడం నయం. పైగా బావమరిది చేతిలో ఓడిపోతే ఇంట్లో తలెత్తుకుని తిరగడం ఎలా?

"బావా, నీ నడుం కోసమైనా దేవుడు నీ వైపే ఉంటాడులే" అన్నాడు బావమరిది, ఎర్ర టై సర్దుకుంటూ.

"నోరు మూసుకుని నీ ఎర్ర డబ్బాలు తుడుచుకో" అన్నాడు బావ.

మధ్యాహ్నం దాటినా ఒక్క మనిషి గుమ్మం తొక్కలేదు. చివరికి ఒక పెద్దావిడ వచ్చింది. నల్ల స్వెట్టర్, దాని నిండా తెల్లని నూగు. ఇద్దరూ ఆమెకు చెరోవైపు చేరిపోయారు.

"మా చిన్నోడి కోసం నాయనా" అందావిడ. "పాత కంప్యూటర్ పాడైపోయింది. అప్పట్నుంచి అలిగి నా ముఖం చూడట్లేదు."

"ఈ కాలం పిల్లలంతేనమ్మా" అన్నాడు బావ.

"రాత్రంతా మెలకువ. పగలంతా నిద్ర. పిలిస్తే పలకడు. ఆకలేస్తేనే నేను గుర్తొస్తాను. మీసాలున్నాయి గానీ బుద్ధి లేదు."

"మా ఇంట్లోనూ ఒకడున్నాడమ్మా" అంటూ బావ పక్కకు చూశాడు. బావమరిది గబుక్కున మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

తర్వాత ఇద్దరూ పోటీపడి వేగం గురించి చెప్పారు. ఆటలన్నారు, సినిమాలన్నారు, బొమ్మలో ఆకు కదిలితే ఆకు ఈనెలు కూడా కనపడతాయన్నారు. ఆవిడ ఆవులించింది. తెర వంక కన్నెత్తి కూడా చూడలేదు. మీటలున్న భాగాన్ని మాత్రం జానలతో కొలుచుకుంది. పెద్దావిడ కదా, పోనీలే అనుకున్నారు.

"ఇవి వేడెక్కుతాయా నాయనా?"

బావ ప్రాణం లేచొచ్చింది. పిడుగు చిప్పుకు ఉన్న రోగమే అది. మన సరుకు పొగిడే ముందు అవతలి సరుకును ఉతికి ఆరెయ్యాలన్నది మెరుపు కంపెనీ శిక్షణలో నేర్పిన మొదటి పాఠం. జేబులోంచి చాక్లెట్ తీసి రెండు ముక్కలు చేశాడు. ఒకటి తన ల్యాప్‌టాప్ మీద, ఇంకొకటి బావమరిది ల్యాప్‌టాప్ మీద పెట్టాడు.

"మీరే చూడండమ్మా!"

కాసేపటికి పసుపు వైపు ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎర్ర వైపు ముక్క కరిగి మీటల సందుల్లోకి పాకింది.

"అన్యాయం బావా! ఇది పొద్దుట్నుంచీ ఆన్‌లో ఉంది!"

"పొద్దుట్నుంచీ ఇంత వేడేనా?" ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"పొద్దుటేమిటమ్మా, పొయ్యి అనుకోండి!" బావ రెచ్చిపోయాడు. "మంచు కురిసినా చల్లబడదు. ఆపేసినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మాదైతే ఎంతసేపు వాడినా గచ్చు నేలలా చల్లగా ఉంటుంది. నా మాట అబద్ధమైతే వీడి అక్క మీద ఒట్టు!"

"మా అక్క మీద ఎందుకు ఒట్టేస్తావ్?" అని బావమరిది గొణిగాడు. అప్పటికే వాడి ముఖం వాడిపోయింది. కరిగిన చాక్లెట్‌ను టై కొసతో తుడుస్తూ, కిందికి వెళ్ళే మెట్ల వైపు దిగులుగా చూశాడు. ఆ చూపుకు బావకు నిజంగానే జాలేసింది. సాయంత్రం స్కూటర్ వాడికే నడపనిద్దామనుకున్నాడు.

పెద్దావిడ సంచి తెరిచింది.

"ఆ ఎర్ర టై అబ్బాయిదే కట్టివ్వండి. కాస్త తుడిచి."

బావమరిది చాక్లెట్ అంటిన టైతోనే బిల్లు పుస్తకం అందుకున్నాడు. బావకు నిలబడి ఉండగానే నడుం పట్టేసింది. మేనేజరు అద్దాల గదిలోంచి చూసి, కింది అంతస్తుకు చెప్పడానికి ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, అది పొయ్యని ఇంతసేపూ మొత్తుకున్నాను కదమ్మా!" బావ ఏడుపు గొంతుతో అన్నాడు. "పిల్లాడు కాగిపోతాడమ్మా!"

"నువ్వు చెప్పబట్టే తెలిసింది" అంటూ ఆవిడ స్వెట్టర్ మీది తెల్లని నూగు దులుపుకుంది, "మా చిన్నోడు పిల్లి కదా నాయనా, ఈ చలికాలంలో చల్లటి దాని మీద పడుకోమంటే ఎలా పడుకుంటాడు?"