కడిగిన రేజర్లు

“ఇక్కడుండాల్సిన రేజర్ ఏదే?”

తల్లి బాత్రూమ్ గుమ్మంలోంచి అరిచింది. అద్దం కింద అరలో, అట్టపెట్టె కూడా విప్పని కొత్త స్టీలు రేజర్ ఒక్కటే ఉంది.

“ప్లాస్టిక్ సేకరించేవాళ్లకి ఇచ్చేశానమ్మా,” అంది కూతురు. “పాతవన్నీ కలిపి పదకొండు.”

“ఎప్పుడు?”

“మొన్న. నాన్న డ్యూటీకి వెళ్లగానే. ఆ పొద్దున గీసుకున్నదీ అందులోనే వేశాను.”

ఆ డ్యూటీ నుంచే ఆయన తిరిగి రాలేదు. రంగుల ఫ్యాక్టరీలో మంటలు లేచి నలుగురు పోయారు. ఎవరు ఎవరో మొహం చూసి చెప్పే వీల్లేదు. ముందుగదిలో కూర్చున్న పోలీసాయన అందుకే వచ్చాడు. పోయిన మనిషి వాడిన వస్తువు ఏదైనా ఇస్తే, దాని మీది డీఎన్ఏ పోల్చి చూసి ఆయన్ని ఇంటికి అప్పగిస్తారు. లేకపోతే లేదు. రాత్రి కూడా అక్కడే ఉండాలని పళ్లు తోముకునే బ్రష్షు ఆయన సంచిలో పెట్టుకునే వెళ్లాడు. దువ్వెనతో ఆయన తలకి ఏనాడో పనిలేకుండా పోయింది. బట్టలూ దుప్పట్లూ తల్లి ఆరోజే ఉతికి ఆరేసింది. ఇల్లు అద్దంలా ఉంచుకునే ఇల్లాలికి ఇలాంటి శిక్ష కూడా ఉంటుందని ఎవరనుకుంటారు?

“పద, వాళ్ల దగ్గరికే పోయి ఏరి తెచ్చుకుందాం.”

“లాభం లేదమ్మా. మురికిగా ఉంటే తీసుకోరని వేడినీళ్లలో మరిగించి, సబ్బుపెట్టి తోమి మరీ ఇచ్చాను.”

ఆ పిల్లకి ఏడుపు ఆగలేదు. ఇంట్లో ప్లాస్టిక్ కనిపించకూడదని నెల్లాళ్లు తండ్రి ప్రాణం తోడేసింది తనే. “నా గడ్డం భూమికంత బరువైతే ఈ ప్లాస్టిక్ రేజర్లు ఇవాళే మానేస్తా తల్లీ,” అని ఆయన నవ్వుతూ ఒప్పుకున్నాడు.

తల్లి ఊరుకోలేదు. చెత్తబుట్ట నేలమీద బోర్లించింది. నీళ్లు పోయే జాలీ పీకి, ఒక్క వెంట్రుకైనా దొరక్కపోతుందా అని వేళ్లు లోపలికి పెట్టి కెలికింది. దొరికిందల్లా సబ్బు జిగురు.

చప్పుడు విని పోలీసాయన లేచొచ్చాడు.

“అంత కష్టం దేనికమ్మా? ఆయనకి అమ్మానాన్నలూ తోబుట్టువులూ లేరన్నారు, సరే. పాప ఉందిగా! రెండు చుక్కల రక్తం చాలు.”

కూతురికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. కళ్లు తుడుచుకుని, చొక్కా చెయ్యి మోచేతిపైకి మడిచింది.

“తీసుకోండి సార్. ఎంత కావాలంటే అంత తీసుకోండి.”

తల్లి లేచొచ్చి ఆ తడిచేత్తోనే మడతను కిందికి లాగేసింది.

“వద్దు. రేజరే వెతుకుదాం.”

“ఇంకా రేజర్ ఏంటమ్మా! నా రక్తం సరిపోతుందంటున్నారుగా. నాన్నని ఇంటికి తెచ్చుకోవా నువ్వు?”

తల్లి గోడకి జారగిలబడింది. కూతురి మొహంలోకి చూడలేకపోయింది.

“సరిపోదు తల్లీ... నిన్ను పెంచుకోవడానికి తెచ్చుకున్నరోజే, ఈ మాట నీకెప్పటికీ చెప్పనని ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నాడు.”