యోసేపు వేయించుకోని సూది

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తులు తప్పిపోయి ఉంటే దిద్దుకొని చదవండి. నా చెయ్యి నిదానం. అందుకే కథ కూడా చిన్నదే.

జిల్లాలు విడగొట్టిన ఏడాది.

గిద్దలూరులో పోలీసు స్టేషను వరండాలో బల్ల వేశారు. పోలీసులకు, ఫైరు వాళ్లకు, హోంగార్డులకు కామెర్ల సూదులు. నెత్తురు తగిలితే అంటుకునే రకం కామెర్లట. ఇప్పుడొకటి, నెలకొకటి, ఆరు నెలలకొకటి.

లిస్టులో పద్నాలుగో పేరు హోంగార్డు యోసేపుది.

"నాకొద్దమ్మా," అన్నాడు యోసేపు.

నర్సు భ్రమరాంబ తలెత్తింది. "ఏం, భయమా?"

"భయమే అనుకోండి. నాది మా ఆడమనిషికి ఎయ్యండి."

వరండా అంతా గొల్లున నవ్వింది.

మూలన చీపురు పట్టుకొని నిలబడ్డ చెంచమ్మకు తల కొట్టేసినట్టయింది. స్టేషను ఊడ్చేది ఆమే. యోసేపు పెళ్లాం ఆమే.

హెడ్డు ఉమామహేశ్వర్లు మీసం దువ్వుకున్నాడు. "ఏంది యోసేపూ! ఖాకీ చొక్కా నీకు, సూది నీ పెండ్లానికా? ఆ లాఠీ కూడా ఆమెకే ఇచ్చిపో."

"జీపులో నెత్తురు కడిగేది ఆమే గదా సారూ. లిస్టులో మనకంటే ముందు ఆమె పేరుండాల."

హెడ్డు యోసేపు పేరు కొట్టేసి, చెంచమ్మ పేరు రాశాడు.

"నలుగురిలో పరువు తీస్తివి," చెంచమ్మ పళ్లబిగువున అంది. "రేపు నీకేమన్నా అయితే నాకు దిక్కెవరు?"

"ముందు చెయ్యి చాపు."

చాపింది.

ముందటేడు ఘాటు రోడ్డులో పెళ్లివ్యాను బోల్తా పడితే, అద్దం పెంకుల్లోంచి పదకొండు మందిని వట్టి చేతులతో లాగినవాడు ఇతనేనా అనుకుంది. అంతటితో ఆగక నెత్తురిస్తానని వాళ్ల వెంట ఆసుపత్రికి కూడా పోయాడు. తిరిగొచ్చాక నోరు విప్పలేదు. ఆనాటి నుంచే మంచం వేరుగా వేసుకున్నాడు. తన గడ్డం బ్లేడు ఆమె ముట్టుకుంటే కసిరాడు.

తన మీద మనసు విరిగిందనుకుంది చెంచమ్మ. అడగలేదు.

రెండో సూది నాటికి ఆమె రాచర్లలో అన్న ఇంటికి పోయింది. యోసేపు మోపెడ్ వేసుకొని అక్కడికే వచ్చాడు.

"నువ్వు ఏపించుకోని సూది నాకెందుకు?"

"ఎక్కు."

వదిన గడపలో నిలబడి నవ్వింది. "ఏందన్నా, సూదికి ఇట్ల ఎత్తుకపోతున్నావు. సినిమాకు ఏనాడన్నా పిలిచినావా?"

మూడో సూది నాటికి యోసేపు కళ్లు పచ్చబడ్డాయి. కడుపు ఉబ్బింది. మోపెడ్ నడపలేక ఆటోలో వచ్చాడు. ఆమెను లోపలికి పంపి మెట్ల మీద కూలబడ్డాడు.

"అయిందా?"

"అయింది."

"మందంతా ఎక్కిందా?"

"ఎక్కింది. నీకా యావ ఏంది?"

యోసేపు జేబు తడుముకొని పెన్సిలు తీశాడు. చెంచమ్మ ఆటోను పిలవడానికి పోయింది.

నెల తిరక్కుండానే పోయాడు.

మట్టి చేసి వస్తుంటే హెడ్డు అన్నాడు. "ఒక్క సూదికి భయపడి నిండు ప్రాణం పోగొట్టుకునె."

చెంచమ్మ విన్నది. ఆమెకూ అదే అనిపించింది. ఏడుపు రాలేదు.

ఆ సోమవారమే చీపురు పట్టింది. జీపు కడిగింది. పొద్దున తిన్నదీ లేనిదీ సాయంత్రానికి గుర్తుండేది కాదు.

ఖాకీ చొక్కా మడతపెడుతుంటే జేబులో కాగితం తగిలింది. చదవడం రాదు. డ్యూటీ కాగితమేమో అనుకొని చొక్కాతోపాటే ట్రంకు పెట్టెలో పెట్టేసింది.

రెండేళ్లు గడిచాయి. వేలిముద్ర వేసి వేసి విసుగొచ్చి, పెద్దవాళ్లకు చదువు చెప్పే బడిలో చేరింది. కూడబలుక్కొని చదవడం వచ్చాక ఆ కాగితం బయటికి తీసింది.

అంతా ఇంగ్లీషు. కింద ఆసుపత్రి సీలు.

భ్రమరాంబ దగ్గరికి తీసుకుపోయింది. నర్సు ఒకసారి చదివి, మళ్లీ చదివింది.

"ఆయన నెత్తురియ్యబోతే చేసిన పరీక్ష ఇది చెంచమ్మక్కా. ఆ కామెర్లు అప్పటికే ఒంట్లో ఉన్నాయి."

"అప్పటికంటే?"

"మనం సూదులు మొదలుపెట్టడానికి ఏడాది ముందే. వచ్చినాక ఈ సూది పనిచెయ్యదు. ఇంట్లో ఇంకొకరికి వేస్తే వాళ్లకు అంటకుండా కాపాడతాది, అంతే."

"మరి చెప్పలేదేందమ్మా, ఎవరికీ?"

"డ్యూటీలోంచి తీసేస్తారనుకున్నాడో ఏమో."

చెంచమ్మ కాగితం వెనక్కి తీసుకుంది. మడత పెట్టబోతుంటే వెనకవైపు పెన్సిలు రాత కనబడింది. తెలుగే. యోసేపు చేతిరాత.

వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే చదువుకుంది.

'చెంచమ్మకు సూది ఒకటి. సూది రెండు. సూది మూడు.'

మూడింటి పక్కనా టిక్కులున్నాయి. చివరి టిక్కు కింద, వణికిన అక్షరాలతో ఇంకో ముక్క ఉంది: 'ఇంక నాకు భయం లేదు.'

– చెంచమ్మ,
యాభై ఆరేళ్లు,
ఇప్పుడు ఉండేది రాచర్లలో, అన్న ఇంట్లో.