అందరిలాంటి డ్రెస్సు

సీతమ్మధార బడి గేటు దగ్గర చంద్రిక తలెత్తి చూడకుండానే, వేరే పిల్ల అమ్మ వేలు పట్టుకుని నడిచిపోతోంది.

"ఏటే, నానిక్కడుంటే అటెల్తన్నావ్?" అంటూ తల్లి నూకరత్నం పరుగెత్తింది.

పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరిదీ ఒకటే గులాబీరంగు డ్రెస్సు. గేటు బయట ఇంకో అయిదుగురిదీ అదే.

తనవల్ల పిల్ల నలుగురిలో చిన్నబోతోందని, చీర మీద మొగుడి ఖాకీ చొక్కా తొడుక్కోవడం మానేసి, నూకరత్నం ఈరోజే అందరిలా వచ్చింది.

"రేపు సొక్కా ఏసుకునే రామ్మా," అంది బడి ఆయా. "అది కనిపిత్తే సాలు, నీ పిల్ల గెంతుకుంటా వచ్చేత్తాది."

ఆ రెండో అమ్మ గొంతు తగ్గించి, "ఆ చొక్కా ఏ షాపులో దొరుకుతుందండీ?" అని అడిగింది.

"కొత్తది దొరకదమ్మా. నాలుగేళ్లు మా ఆయన, ఆ తరవాత నాను ఏసుకుంటే అలగైంది," అంది నూకరత్నం, గొంతు తగ్గించకుండానే.